గవ్వలకు పలికిన నోరు

మా వీధి మలుపు తిరగకముందే బుచ్చన్న బావ గొంతు వినపడేది. వనపర్తి బస్సు దిగి ఊళ్ళోకి నడిచి వచ్చేవాళ్ళు ఆ గొంతును బట్టే ఆయన ఇంట్లో ఉన్నాడో, చేనుకు పోయాడో చెప్పేవారు. ఎద్దులను అదిలించినా, ఫోన్లో కొడుకుతో మాట్లాడినా ఒకటే గొంతు. ఆయన భార్య జంగమ్మక్క విసుక్కునేది.

“జర మెల్లగ మాట్లాడరాదు? మన ఇంట్ల ఏం కూర వండినమో పక్కూరోళ్ళకు గూడ తెలుస్తుంది.”

“తెల్వనీ. నీ కూర నేనొక్కన్నే ఎందుకు భరించాలె?”

మా ఇంటికి ఎదురిల్లు వాళ్ళది. చుట్టరికం దగ్గరిది కాదు గాని, నేను ఆమెను అక్క అని, ఆయనను బావ అని పిలుస్తాను. నా పేరు తిరుపతమ్మ. ఆయన సంగతి రాయమని ఎవరూ అడగలేదు. దగ్గర ఉండి చూసిన దాన్ని కాబట్టి రాస్తున్నాను.

బుచ్చన్న బావకు కొంత చెలక ఉంది. వాన పడితే పండేది, లేకుంటే లేదు. అందుకని వయసులో ఉన్నప్పుడు మేస్త్రీల వెంట మట్టిపనికి పోయాడు. రాయచూరు దిక్కు కాలువలు తవ్వే చోట గుడిసెలు వేసుకొని ఏళ్ళ తరబడి ఉన్నాడు. పగలంతా తట్టలు మోసినవాళ్ళు సాయంత్రం పూట గవ్వలతో పచ్చీసు ఆడేవారట. ఒకరిది తెలుగు, ఒకరిది కన్నడం, ఒకరిది ఇంకేదో. ఆటలో లెక్క మాత్రం అందరికీ ఒకటే. దస్ అంటే పది, పచ్చీస్ ఇరవై అయిదు, తీస్ ముప్పై. బావ ఆ ఆట అక్కడే నేర్చుకున్నాడు. గవ్వలు విసిరే ముందు “బా తాయీ, బా” అని కన్నడంలో పిలవడం కూడా అక్కడే అలవాటయింది. రా తల్లీ, రా అని.

ఆయన ఊరికి తిరిగి వచ్చాక ఆట మా అరుగు మీదికి చేరింది. మా ఆయన నర్సింహులు అరుగు మీది షాబాదు బండ మీద ఉలితో గీతలు చెక్కించాడు. కూడిక గుర్తులాగా నాలుగు దిక్కులకు నాలుగు పట్టీలు, వాటిలో గళ్ళు. నాలుగు దిక్కులా నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్నవాళ్ళు ఒక జట్టు. గవ్వలు విసిరి, ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూసి కాయలు జరుపుతారు. ఇంటూ గుర్తున్న గడిలో కాయ ఉంటే దాన్ని ఎవరూ చంపలేరు. బయట ఒంటరిగా ఉంటే అవతలి జట్టువాడు వచ్చి చంపుతాడు, మళ్ళీ మొదటి నుంచి రావాలి. పెద్ద పందెం పడితే, వేసినవాడే గట్టిగా అరిచి చెప్పాలి. బుచ్చన్న బావకు ఎదురుగా మా ఆయన, మా వీధివాడే అయిన బాలయ్యకు ఎదురుగా దాసు. చింతగింజలు, పలుగురాళ్ళు, పెంకుముక్కలు, మక్కగింజలు ఆ నలుగురి కాయలు.

ఆడవాళ్ళం ఆ ఆటను ఎప్పుడూ మెచ్చుకోలేదు. పనిలేనివాళ్ళు ఆడేది అని మా లెక్క. “పచ్చీసు కాడ కూసున్నడు” అంటే మా ఇళ్ళల్లో అది తిట్టే.

నిరుడు మృగశిర కార్తెలో మా ఆయన పోయాడు. విత్తనం వేసి ఇంటికి వచ్చి పడుకున్న మనిషి లేవలేదు.

మా అరుగు మీద ఆడేవాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఒకటి ఉంది. నలుగురిలో ఒకరు పోతే ఏడాది మాసికం అయ్యేదాకా ఆయన దిక్కున ఎవరూ కూర్చోరు. ఆట బందు. ఇంతకుముందు దాసు చోట ఆడే బాలయ్య వాళ్ళ అన్న పోయినప్పుడు కూడా అట్లనే చేశారు. నేను గవ్వలను, కాయలను గుడ్డసంచిలో మూటకట్టి సందుక పెట్టెలో పెట్టాను. అరుగు ఖాళీగా ఉంటే చూడలేక, పంట వచ్చాక బండ నిండా పల్లికాయ ఆరబోశాను.

ఆ పల్లికాయ పీకే రోజుల్లోనే బుచ్చన్న బావకు పక్షవాతం వచ్చింది. చేనులో గట్టు మీద కూర్చొని కూలివాళ్ళను పిలవబోయాడట. నోరు తెరిచాడు, మాట రాలేదు. చేతిలోని నీళ్ళ సీసా జారి పడింది. ఆయన సీసా పడినందుకు నవ్వుతున్నాడనుకున్నారు కూలివాళ్ళు. మూతి ఒక పక్కకు పోయిందని దగ్గరికి వచ్చాక గాని తెలియలేదు. కొడుకు సురేందర్ కల్వకుర్తిలో దుకాణంలో పని చేస్తాడు. అతను వచ్చి వనపర్తి దవాఖానకు తీసుకుపోయాడు. ప్రాణానికి భయం లేదన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి. కాలు కొంత తిరిగి వచ్చింది. చెయ్యి రాలేదు. మాట అసలే రాలేదు.

ఇంటికి తెచ్చిన తర్వాత జంగమ్మక్కకు మొదలయింది అసలు కష్టం. ఆయనకు అన్నీ వినపడతాయి, అర్థమవుతాయి. చెప్పడానికి లేదు. ఎడమచేత్తో ఏదో చూపిస్తాడు. ఈమె నీళ్ళు తెస్తుంది. కాదని తల తిప్పుతాడు. దుప్పటి తెస్తుంది. కాదు. బయటికి పోవాలా అంటుంది. కాదు. చివరికి ఆయన నుదురు కొట్టుకొని ఏడుస్తాడు. ఈమె గడపలో కూర్చొని ఏడుస్తుంది. ఒకరోజు ఇట్లాగే సాయంత్రందాకా జరిగింది. వీపు కింద మంచం తాడు ముడి గుచ్చుకుంటోందని, అదే ఆయన చెప్పాలనుకున్నదని పక్క మార్చేటప్పుడు తెలిసింది. వీపు మీద ఎర్రగా అచ్చు పడింది.

“ఇంత మాట చెప్పలేకపాయె” అని జంగమ్మక్క నాతో అన్నది. “ఇంత గొంతున్న మనిషి.”

ఆ తర్వాత ఆయన చూపించడం కూడా మానుకున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. తినమంటే రెండు ముద్దలు. పరామర్శకు వచ్చినవాళ్ళకు వీపే కనపడేది. మాట రాకపోతే పోనీ, ఈ మనిషి గోడవైపు నుంచి ఇటు తిరుగుతాడా లేదా అన్నదే జంగమ్మక్క దిగులు. గోడవైపు తిరిగినవాళ్ళు ఎక్కువ రోజులు ఉండరని ఆమెకు భయం. వాళ్ళ అత్త అట్లాగే పోయింది.

వనపర్తిలో ముసలివాళ్ళ కోసం నడిపే ఒక కేంద్రం నుంచి సాంసన్ సారు వారానికొకసారి స్కూటర్ మీద మా ఊరికి వచ్చేవాడు. చిన్న వయసే. చేతులకు, కాళ్ళకు కసరత్తు చేయించేవాడు. బుచ్చన్న బావ చేతిలో మెత్తటి బంతి పెట్టి పిసకమన్నాడు. రంధ్రాలున్న చెక్క, అందులో గుచ్చే రంగు పుల్లలు తెచ్చాడు. బావ ఆ చెక్కను ఎడమచేత్తో తోసేశాడు. పుల్లలన్నీ మంచం కిందికి పోయాయి. జంగమ్మక్క వంగి ఏరుతూ, “చిన్నపిల్లలవి ఇస్తే గట్లనే చేస్తడు సారు, ఏమనుకోకు” అన్నది.

సాంసన్ సారు ఏమనుకోలేదు. “తాతకు ఏది ఇష్టమమ్మా? దవాఖానల పడకముందు మనసుకు సంతోషం అనిపించేది ఏం చేస్తుండె?” అని అడిగాడు.

“పని చేస్తుండె సారు.”

“పని గాదమ్మా. పని లేనప్పుడు.”

“పని లేకుండ ఎప్పుడున్నడు? చేను, ఎద్దులు, ఇల్లు. గంతే.”

ఆ రోజు సురేందర్ కూడా ఉన్నాడు. అతన్ని అడిగాడు. “నాయినకు అసుంటి అలవాట్లేం లేవు సార్. మంచి మనిషి” అన్నాడు సురేందర్.

నేను కూర గిన్నె పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డాను. పచ్చీసు మాట ఎవరూ ఎత్తలేదు. బయటి సారు ముందు మా మనిషి పనిలేనివాడని ఎట్లా చెప్తాము? పైగా ఆట బందు ఉన్న ఏడాది.

ఇంకో వారం సారు వచ్చినప్పుడు జంగమ్మక్క ఇంట్లో లేదు, రేషన్ దుకాణానికి పోయింది. ఆమె వచ్చేదాకా కూర్చుంటానని మా అరుగు మీదికి వచ్చాడు. కూర్చోవడానికి పల్లికాయ ఒక పక్కకు జరిపాడు. బండ మీద గీతలు కనపడ్డాయి. ఇంకొంత జరిపాడు. ఇంకొంత. మొత్తం బయటపడ్డాక నన్ను పిలిచాడు.

“ఇదేందమ్మా?”

“పచ్చీసు.”

“ఎవరాడుతరు?”

“మా ఆయన ఆడుతుండె. బుచ్చన్న బావ, బాలయ్య, దాసు.”

అతను గీతల మీద వేలు పెట్టి చూశాడు. “అందరినీ అడిగిన గదమ్మా, తాతకు ఏది ఇష్టమని. ఎవ్వరూ చెప్పలె.”

“అది చెప్పుకునే సంగతా సారు.”

ఏడాది పద్ధతి సంగతి కూడా చెప్పాను. మా ఆయన పోయిన సంగతి సారుకు అప్పుడే తెలిసింది. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మాసికం ఎప్పుడని అడిగాడు. మళ్ళీ మృగశిరకు అన్నాను.

“నేనేం చెప్పనమ్మా. మీ పద్ధతి మీది. ఒక్క మాట మాత్రం చెప్పి పోత. మొదటి నెలల్ల చెయ్యిని ఎంత కదిలిస్తే అంత తిరిగొస్తది. ఆలస్యమయిన కొద్ది బిగుస్తది. బంతి పిసుకమంటే తాత పిసుకడు. ఎందుకు పిసుకాలె ఆయన? దాంతోని ఏమొస్తది? ఇష్టమైన పని అయితే మనిషి నొప్పిని గూడ లెక్కచేయడు.”

సారు వెళ్ళిపోయాక నేను పల్లికాయ ఎత్తి సంచుల్లోకి పోశాను. బండ కడిగాను. గీతల్లో మట్టి పేరుకుపోయి ఉంటే పుల్లతో తీశాను. సందుకలోంచి గుడ్డసంచి తెచ్చి బండ మీద పెట్టి, బాలయ్యకు, దాసుకు కబురు పంపాను. బాలయ్య వచ్చి బండను చూసి చెప్పులు విడవకుండా అక్కడే నిలబడ్డాడు.

“వదినా, ఏడాది కాలె.”

“కాలె.”

“నర్సింహులు దిక్కు ఖాళీగ ఉంచాలె గదా.”

“ఖాళీగనే ఉంచుండ్రి. ముగ్గురు ఆడుండ్రి.”

“ముగ్గురితోని పచ్చీసు ఏందే?” అన్నాడు దాసు వెనకనుంచి.

“ఏదో ఒకటి. బావ చెయ్యి కదలాలె.”

బాలయ్య నా ముఖం చూడలేదు. గుడ్డసంచి ముడి విప్పాడు.

మరునాడు సాయంత్రం బుచ్చన్న బావను ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తుకొచ్చి ఆయన దిక్కున కూర్చోబెట్టారు. మొదట తల ఎత్తలేదు. ఎదురుగా ఖాళీ చోటు చూశాడు. కళ్ళు మూసుకున్నాడు. వెనక్కి తీసుకుపోదామా అని జంగమ్మక్క వంగింది. అప్పుడు బాలయ్య గవ్వలు గలగలలాడించాడు. బావ కళ్ళు తెరిచాడు.

వంతు వచ్చింది. ఎడమచేత్తో గవ్వలు తీసుకున్నాడు.

“బావా, ఎడమచేత్తో ఏస్తే చెల్లదు” అన్నాడు దాసు.

జంగమ్మక్కకు కోపం వచ్చింది. “నీకేమన్న బుద్ధుందా దాసూ? పడిపోయిన మనిషితోని నీ నియమాలేంది?”

“ఆట ఆటనే గదా వదినా. ఈయన నన్నెన్నిసార్లు పట్టుకోలె? ఒకపారి చెయ్యి నొస్తుందని ఎడమచేత్తో ఏస్తె, పడ్డ పచ్చీసు కొట్టేసిండు.”

బావ దాసును చూశాడు. మూతి ఒక పక్కకు కదిలింది. నవ్వు అని నేననుకున్నాను. గవ్వలను కుడి అరచేతిలో పోసుకున్నాడు. వేళ్ళు మూసుకోలేదు. గవ్వలు ఒడిలో పడ్డాయి. మళ్ళీ ఏరుకున్నాడు. ఈసారి ఎడమచేతిని కింద ఆసరాగా పెట్టాడు. గవ్వలు విసిరినట్టు కాదు, చేతిలోంచి బండ మీదికి రాలినట్టు పడ్డాయి.

“చెల్లుతది” అన్నాడు దాసు.

ఆ వారం సాంసన్ సారు వచ్చి చూసి, దాసు చెయ్యి పట్టుకొని ఊపాడు. “నేను చెప్పలేని మాట నువ్వు చెప్పినవు. నియమం మార్చకు” అన్నాడు. దాసుకు అప్పటినుంచి కొంచెం పొగరు పెరిగింది.

రోజూ పొద్దు వాలేవేళకు ఆట. ముగ్గురు ఎవరికి వారే ఆడేవారు, జట్టు లేదు. బావ పొద్దున లేచినప్పటి నుంచి ఎండ ఎక్కడికి వచ్చిందో చూసేవాడు. మధ్యాహ్నం అన్నం పూర్తిగా తినేవాడు. ఆటకు పోవడానికి తానే మంచం అంచుకు జరిగి కూర్చునేవాడు. కుర్చీలో మోయడం పోయి, కట్టె ఊతంగా వీధి దాటడం వచ్చింది. ఎవరూ ఆయనకు నడవమని చెప్పలేదు. మధ్యలో వీధి ఉంది కాబట్టి నడిచాడు. కుడిచేతి వేళ్ళు మెల్లమెల్లగా మూసుకోవడం నేర్చాయి. గవ్వలు రాలడం పోయి, దొర్లడం వచ్చింది.

ఒకరోజు నేను లోపల పొయ్యి దగ్గర ఉన్నాను. అరుగు మీదనుంచి గొంతు వినపడింది.

“పచ్చీస్!”

బాలయ్య గొంతు కాదు, దాసుది కాదు. బయటికి వచ్చి చూస్తే బండ మీద గవ్వలు, వాటిని చూస్తూ బుచ్చన్న బావ. తన నోట్లోంచి వచ్చిందో లేదో ఆయనకే తెలియనట్టు కూర్చున్నాడు. వీధి అవతల నల్లా దగ్గర బిందె వదిలేసి జంగమ్మక్క పరుగెత్తుకొచ్చింది.

“నువ్వేనా? నువ్వే అన్నవా? మళ్ళ అను!”

ఆయన నోరు తెరిచాడు. గాలి వచ్చింది.

“నన్ను పిలువు. జంగమ్మా అను.”

దవడ కదిలింది. మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. మెడ నరాలు లేచాయి. అయినా రాలేదు. ఆమె ఆయనను చూసి, గవ్వలను చూసింది.

“గంత గట్టిగ పచ్చీసంటవు, నా ముందర మూగోనివా?” అన్నది. “ఇన్ని దినాలు పియ్యి, ఉచ్చ ఎత్తిపోసిన. నాకు సైగలు, గవ్వలకు మాటలా?”

“గట్ల గాదు వదినా” అన్నాడు బాలయ్య.

“నువ్వు మాట్లాడకు. మీరందరు ఒక్కటే.”

బిందె అట్లాగే నిండి పారుతోంది. ఆమె భర్తను రెక్క పట్టుకొని ఇంటికి తీసుకుపోయింది.

మరునాడు ఆయన ఆటకు రాలేదు. ఆ మరునాడూ రాలేదు. బాలయ్య పోయి పిలిస్తే, “ఆయనకు మాట రాదు, రమ్మంటే ఎట్లొస్తడు” అని తలుపు వేసింది. నేను కూర పట్టుకొని పోయాను. బావ గోడవైపు తిరిగి ఉన్నాడు. కంచంలో అన్నం ఎండిపోయింది.

సాంసన్ సారు వచ్చినప్పుడు జంగమ్మక్క జరిగింది చెప్పి, “కావాలనే మాట్లాడుతలేడు సారు. దొంగేషాలు” అన్నది.

సారు కింద కూర్చున్నాడు. “అమ్మా, తాతకు మాటలు పోలె. మాటను వెతికి పట్టుకునే తోవ చెడిపోయింది. నువ్వు ‘ఏం కావాలె’ అని అడిగితే ఆయన వెతకాలె. వెతికితే దొరకది. ఆటల వెతికేదే లేదు. ఎన్నేండ్ల సందో అంటున్న మాట, గవ్వలు అట్ల పడంగనే దానంతటదే బయటపడ్డది. నువ్వు మనుమరాలిని ఊపుకుంట పాట పాడేటప్పుడు మాటలు ఆలోచిస్తవా?”

“ఆలోచించ.”

“గదే ఇది. చానమందికి గిట్లనే మొదలైతది. లెక్కలు, పాటలు, తిట్లు ముందొస్తయి. తర్వాత కొన్ని మాటలొస్తయి. అన్నీ వస్తయని నేను చెప్ప. అసలు నోరు తెరవకుంటె మాత్రం ఏదీ రాదు.”

“మరి నన్ను ఎన్నేండ్ల సంది పిలుస్తలేడా? నా పేరు ఎందుకు రాలె?”

బాలయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “నిన్నెప్పుడు పేరు పెట్టి పిలిచిండు వదినా? లగ్గమైన కాడికెల్లి ‘ఏమే’ అనుడే గదా.”

జంగమ్మక్క నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. సారు పోయాక అందరూ పోయారు. నేను ఉండిపోయాను. ఆమె చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతోంది.

“అక్కా, బావ ఎదురుంగ చోటు ఖాళీగుంది. నువ్వొచ్చి కూసో.”

ఆమె చెయ్యి ఆగింది. “అది నర్సింహులు దిక్కు.”

“అవును.”

“ఏడాది కాలె.”

“కాలె.”

“మొగోళ్ళ మధ్యల నేను పచ్చీసు ఆడాల్నా? నాకు ఆట తెల్వదు.”

“బావకు తెలుసు గదా.”

ఆమె చాటలోని బియ్యాన్ని ఒకసారి చెరిగింది. “నీకేం అనిపియ్యదా తిరుపతమ్మా?”

అనిపించదని చెప్పలేదు. “పొద్దు వాలకముందే రాండ్రి” అని చెప్పి ఇంటికి వచ్చాను.

వచ్చారు. జంగమ్మక్క కొంగు నిండా కప్పుకొని, ఒక పక్కకు ఒరిగి కూర్చుంది, ఎప్పుడైనా లేచిపోవడానికి వీలుగా. పలుగురాళ్ళు ఆమె ముందు పెట్టాను. అవి మా ఆయన కాయలు. దాసు ఏదో అనబోయి, బాలయ్య ముఖం చూసి ఊరుకున్నాడు. ఇప్పుడు మళ్ళీ రెండు జట్లు. భార్యాభర్తలు ఒక జట్టు.

ఆమెకు ఆట నిజంగానే తెలియదు. అన్నేళ్ళు తిట్టింది గాని ఒక్కసారి కూడా చూడలేదు. గవ్వలు విసిరి, “గిప్పుడేం చేయాలె?” అని అందరినీ అడిగేది. వంతు కానప్పుడు కూడా విసిరేది. కాయ వెనక్కి జరిపేది. బావ మొదట ఓపిక పట్టాడు. తర్వాత ముక్కుతో శబ్దాలు చేశాడు. బండ మీద ఎడమచేత్తో కొట్టాడు. బాలయ్యకు ఇదంతా సంతోషంగా ఉంది, గెలుస్తున్నాడు కాబట్టి.

మూడోరోజో నాలుగోరోజో, ఆమె రాయి ఒకటి ఇంటూ గుర్తున్న గడిలో భద్రంగా ఉంది. దాసు కాయ దాని వెనకే కాచుకొని ఉంది. ఆమెకు చిన్న పందెం పడింది.

“ఆ రాయినే జరుపు వదినా” అన్నాడు బాలయ్య ఎంతో మంచివాడిలాగా. “ముందల పోతె మంచిగుంటది.”

“గిదా?” అని ఆమె ఆ రాయిని పట్టుకుంది.

“ఏ... ఏమే! అది గాదు!”

అందరం ఆయనవైపు తిరిగాము. ఆయన ఎవరినీ చూడడం లేదు. ఆ రాయినే చూస్తున్నాడు.

“సంపుతడు! గుడ్డి... గుడ్డిదానా!”

జంగమ్మక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ రాయినే మళ్ళీ ముట్టుకుంది. ఈసారి తెలిసే ముట్టుకుంది.

“అది గాదంటే!” అని ఆయన కట్టె ఎత్తాడు.

దాసు పడీపడీ నవ్వాడు. బాలయ్య, “ఇగో, మాట ఇప్పిచ్చింది నేనే, నన్నెవరూ మరువొద్దు” అన్నాడు. జంగమ్మక్క లేచి నీళ్ళు తాగుతానని మా ఇంట్లోకి వచ్చింది. కుండ దగ్గర నిలబడింది గాని నీళ్ళు ముంచుకోలేదు.

“తిట్టిండు తిరుపతమ్మా” అన్నది. “సక్కగ తిట్టిండు. ఇదివరకు తిట్టినట్టే.”

ముఖం కడుక్కొని మళ్ళీ పోయి కూర్చుంది. ఆ ఆట వాళ్ళే ఓడిపోయారు.

ఒక్కరోజులో అంతా తిరిగి రాలేదు. ఆ తర్వాత చాలారోజులు ఆటలో తప్ప మాట రాలేదు, అదీ కోపం వస్తేనే. తర్వాత ఆట అయిపోయి లేచేటప్పుడు “పోదమా” అన్నాడు. ఇంకొన్నాళ్ళకు “సలి” అన్నాడు. “ఈపు” అన్నాడు. ఆ మాట వచ్చిన రోజు జంగమ్మక్క మంచం తాడు మొత్తం విప్పి కొత్తగా అల్లించింది. కొన్ని మాటలకు ఇప్పటికీ తడబడతాడు. బియ్యం అనబోయి జొన్నలు అంటాడు, తప్పని తెలిసి తల కొట్టుకుంటాడు. అంగీ గుండీలు పెట్టుకోలేడు. జొన్నరొట్టె మాత్రం కుడిచేత్తోనే తుంచుకొని తింటాడు. కొన్ని రోజులు గోడవైపు తిరుగుతాడు కూడా. పొద్దు వాలేవేళకు ఇటు తిరుగుతాడు.

సాంసన్ సారు రంగు పుల్లల చెక్కను ఇప్పుడు సంచిలోంచి తొందరగా తీయడు. కొత్త ఊళ్ళో ముసలివాళ్ళ దగ్గరికి పోయినప్పుడు, ఏది ఇష్టమని అడగడం మానేశానని నాతో చెప్పాడు. “అడిగితే అందరూ పని పేరే చెప్తున్నరమ్మా. అందుకే, పొద్దువాలేటప్పుడు ఎవరితోని కూసుంటుండ్రి, ఏడ కూసుంటుండ్రి అని అడుగుతున్న.” పక్క ఊళ్ళో ఒక ముసలామె గచ్చకాయలు ఆడుతుందని అట్లా తెలిసిందట. ఇంకోచోట మంచం పట్టిన ఒకాయన భజనలో తాళం వేసేవాడని తెలిసిందట.

మృగశిర వచ్చింది. మా ఆయన మాసికం అయింది. బాలయ్య వచ్చి, “వదినా, ఇగ ఆ దిక్కు ఎవరన్న తెలిసినోన్ని కూసోబెడుదమా?” అని అడిగాడు. జంగమ్మక్క అప్పటికే అక్కడ కూర్చొని గవ్వలు ఊపుతోంది. “తెలిసినోళ్ళు ఎవరయ్యా, నిన్న నీ కాయలు రెండు సంపింది ఎవరు?” అన్నది. ఆ సంగతి అక్కడితో అయిపోయింది.

మొన్న పొద్దున నేను మజ్జిగ ఇవ్వడానికి వాళ్ళింటికి పోయాను. జంగమ్మక్క ఆయనకు చాయ ఇచ్చింది. ఆయన గ్లాసు కుడిచేత్తో పట్టుకొని ఒక గుక్క తాగాడు.

“సక్కెర... తక్కువ.”

ఆమె చాట మీదనుంచి తల ఎత్తలేదు.

“దవాఖానోళ్ళు గంతే ఏయమన్నరు.”

“మస్తు... తక్కువ.”

“సప్పుడు చేయక తాగు. పొద్దుగాల్నే మొదలువెట్టకు” అని కసిరింది జంగమ్మక్క, చాటలోంచి ఒక రాయి తీసి బయటికి విసురుతూ. ఆయన గొణుగుతూ చాయ తాగాడు.